నడిమి ముడి

సెప్టెంబరు 28

నన్ను అలల మీద లాక్కెళ్ళే పాత గాలిపటం ఇవాళ చచ్చింది. యుద్ధంలో జర్మన్లు ఒడ్డున కట్టిన కాంక్రీటు బంకరు అంచు మీద పడి ఈ రెక్క నుంచి ఆ రెక్క దాకా చీలింది. అలల మీద సవారీ అయ్యాక పటాన్ని కిందికి దించడం నా పని. అది నేల తాకకముందే రెక్క అందుకోవడం నా చిన్ననాటి స్నేహితుడు టోర్కిల్ పని. ఇరవై ఏళ్ళుగా మా ఇద్దరికీ ఇదే ఏర్పాటు. ఇవాళ వాడు అందుకోలేదు.

"రాయి విసిరినట్టు దించితే ఎలా పట్టుకోమంటావురా ఎబ్బె? నేనేమన్నా గోల్‌కీపర్నా?" అన్నాడు.

నేను మెల్లగానే దించాను.

వాడి మీద అనుమానంతో రాస్తున్నది కాదిది. నేను అనుమానపు మనిషిని కాను. జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటున్నాను, అంతే. వాడు అందుకోలేదు.

అక్టోబరు 4

దుకాణం వాడు ఈ శనివారానికి రెండు పటాలు ఇచ్చాడు, ఎగరేసి చూసి నచ్చింది తీసుకోమని. ఒకటి గాలి నింపే బద్దలు అయిదున్నది. లాగుడు ఎక్కువ, మనిషిని నీళ్ళ మీంచి ఆకాశంలోకి ఎత్తేస్తుంది. రెండోది మూడు బద్దలది, లేతాకుపచ్చది, చేతిలో పట్టుకుంటే ఉందో లేదో అన్నట్టు ఉంటుంది.

నైరుతి గాలి. భుజమెత్తు అలలు. ముందు అయిదు బద్దలది కట్టాను. గాలిలోకి ఎగరడానికి బాగుంది కానీ నాకు ఎగరాలని లేదు, ఆ సరదా ఎప్పుడో తీరింది. నాకు కావలసింది అల. అల మీంచి కిందికి జారేటప్పుడు మనిషి పటం వైపే పరుగెడతాడు, తాళ్ళు వదులైపోతాయి. పటం బుద్ధి అక్కడ బయటపడుతుంది. అయిదు బద్దలది తాళ్ళు వదులవగానే నిద్రొచ్చినవాడిలా తూలి నీళ్ళలో పడింది. రెండోసారీ పడింది. ఆకుపచ్చది పడలేదు. గాలితోపాటు వెనక్కి తేలుతూ, తాడు బిగువు పోనివ్వకుండా, నేను అల పూర్తిచేసేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంది.

ఎంచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా ఒడ్డుకు రాగానే టోర్కిల్ అన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

"ఆ తేలికదే తీసుకోరా. చేతులకు హాయి."

నేను నోరు విప్పకముందే అన్నాడు. నా చేతుల సంగతి వాడికెందుకు? దుకాణం వాడూ వాడూ కలిసి ముందే మాట్లాడుకున్నారేమో. ఆకుపచ్చదే తీసుకున్నాను. మంచి పటం కాబట్టి తీసుకున్నాను, వాడు చెప్పాడని కాదు.

అక్టోబరు 9

ఈ పటం రెక్క కొసల దగ్గర, తిప్పే తాడు తగిలించడానికి మూడేసి ముళ్ళున్నాయి. ముందు ముడికి తగిలిస్తే, తాళ్ళ కొసన చేత్తో పట్టుకునే కడ్డీ తేలికైపోతుంది. వెనక ముడికైతే బరువు. నేను నడిమి ముడికి కట్టాను. నాకు కాస్త బరువుండాలి. కళ్ళు అల మీద ఉంటాయి కదా, పటం ఎక్కడుందో చేతికే తెలియాలి.

ఏం చెప్పను. ఇవాళ ఒక అల దొరికింది, రాళ్ళ గోడ దగ్గర లేచి, విరగకుండా నన్ను ఒడ్డు దాకా మోసుకొచ్చింది. పటం వైపు తలెత్తి చూడనే లేదు. యాభై నాలుగేళ్ళ వాణ్ణి, నీళ్ళలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇది లేకపోతే నేను కిటికీ చట్రాలు చేసుకునే ముసలివాణ్ణి, అంతకుమించి ఏమీ కాను.

ఒక్కటే చిరాకు. బయల్దేరేటప్పుడు టోర్కిల్ పటం పట్టుకుని నిలబడ్డాడు. నేను తాళ్ళ అవతలి కొసన కడ్డీ పట్టుకుని బొటనవేలు ఎత్తాను. వదలమని అర్థం. వాడు వదలడే! నన్నే చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ ఎత్తాను. చివరికి నేను తల ఊపితే వదిలాడు. అంతసేపు ఏం చూశాడో.

అక్టోబరు 12

నా భార్య గెర్డా మఫ్లర్‌కు పొగ వాసన. టోర్కిల్ చేపలు పొగబెట్టే కొట్టుకు వెళ్ళిందట, హెర్రింగ్ కొందామని.

ఫ్రిజ్‌లో హెర్రింగ్ లేదు.

అక్టోబరు 17

పటానికి ఏదో అయింది. చేతిలో బరువే లేదు. ఒక మంచి అల మీద ఉండగా పటం ఎక్కడుందో తెలియక తలెత్తి చూశాను, చూసేసరికి అల నన్ను నమిలి ఉమ్మేసింది. మూడుసార్లు ఇదే వరస. ఒడ్డుకొచ్చి చూస్తే తాళ్ళు ముందు ముడికి ఉన్నాయి. రెండు రెక్కలకూ.

నేను కట్టింది నడిమి ముడికి.

మా సామానంతా టోర్కిల్ కొట్టు వెనక గదిలో కొక్కేలకు వేలాడుతుంది. తాళంచెవి వాడి దగ్గరా నా దగ్గరా తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

అక్టోబరు 18

పొద్దున కాఫీ కప్పు పగిలింది. దాని పిడి ముందే వదులైంది, గెర్డాకు ఎప్పుడో చెప్పాను.

అక్టోబరు 20

కొట్టుకు వెళ్ళి అడిగాను. టోర్కిల్ చేపలను ఇనప చువ్వలకు గుచ్చుతున్నాడు.

"నా పటం ముళ్ళు ఎవరు మార్చార్రా?"

"ఎవరు మారుస్తారు? నువ్వే కట్టి మరిచిపోయుంటావు."

"నేను మరిచిపోలేదు."

"వయసు వచ్చిందిరా నాయనా, ఒప్పుకో. మొన్న నేను కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికాను."

నవ్వాడు కానీ నా మొహం చూడలేదు. చేప మొహం చూశాడు. వాణ్ణి నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అబద్ధం చెప్పేటప్పుడు చేతికి ఏదో ఒక పని కల్పించుకుంటాడు.

మా ఇద్దరిలో అలల మీద నేనే మెరుగు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ మాట నవ్వుతూ మోశాడు. ఇప్పుడు బరువైందేమో.

అక్టోబరు 22

నేను మరిచిపోలేదు.

అక్టోబరు 25

నడిమి ముడికి మళ్ళీ కట్టాను. ఈసారి రెండు ముళ్ళ మీదా నీలం కుట్టుదారం చుట్టాను. దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనబడదు. దారం ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. గదిలో చలి.

ఇదంతా గెర్డాకు చెప్పలేదు.

అక్టోబరు 29

దారం లేదు. తాళ్ళు ముందు ముడికి.

గది తలుపు వేసి బయటికొచ్చేసరికి కొట్టు ముందు మా కారు. గెర్డా ఈ వేళకు పంటి డాక్టరు దగ్గర పనిలో ఉండాలి. కిటికీలోంచి చూశాను. ఆ కిటికీ నేను చేసిందే, అద్దం బాగా తుడిచి ఉంది, అంతా కనబడింది. గెర్డా ఏడుస్తోంది. టోర్కిల్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది.

లోపలికి వెళ్ళలేదు. ఇసుక దిబ్బల మీదుగా ఇంటికి నడిచి వచ్చాను.

అక్టోబరు 30

రొట్టె తినకుండా పక్కకు తోశాను. గెర్డా ఏమిటని అడిగింది. ఏమీ లేదన్నాను. తనను అడిగాను. ఏమీ లేదంది.

నేను అనుమానపు మనిషిని కాను. కానీ ఎవరైనా ఈ పేజీలు చదివితే ఏమనుకుంటారు?

నవంబరు 2

పొద్దున గెర్డా నా చొక్కా గుండీలు పెడుతూ అంది, "ఆ పటం అమ్మెయ్యి ఎబ్బె."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరో ఎందుకు చెప్పాలి? నేను చెబుతున్నాను."

"టోర్కిల్ కొంటానన్నాడా?"

గుండీ మీద చెయ్యి ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. "నీకేమన్నా మతిపోయిందా? నీ చొక్కా గుండీలు నేనెందుకు పెడుతున్నానో ఎప్పుడన్నా ఆలోచించావా?"

"కొత్త చొక్కా. కాజాలు బిగువు."

"ఇది పాత చొక్కా" అని, మిగతా గుండీలు పెట్టకుండానే వెళ్ళిపోయింది.

నేను సముద్రంలోకి వెళ్ళకూడదు, పటం ఉండకూడదు, ఉన్నా పనిచెయ్యకూడదు. ఒకరు పటాన్ని పాడుచేస్తారు, ఒకరు అమ్మెయ్యమంటారు. నన్ను ఒడ్డున కూర్చోబెట్టి వాళ్ళిద్దరూ ఏం చేద్దామని?

నవంబరు 7

రేపు పెద్ద అలలు. వాయవ్యం నుంచి వస్తున్నాయి, గాలి నైరుతి. ఏడాదికి ఒకసారి ఇలా కుదురుతుంది. టోర్కిల్‌తో వెళ్ళను. వాడి చేతికి నా పటం ఇవ్వను.

నవంబరు 10

రెండు రోజులు రాయలేకపోయాను. పక్కటెముకలు నొప్పి. విరగలేదట.

శనివారం తెల్లవారాక గదిలోంచి పటం తెచ్చుకున్నాను. ఒడ్డున నాలుగు తాళ్ళూ విప్పి మళ్ళీ మొదటి నుంచి నేనే కట్టాను, ఎవరి చెయ్యీ పడలేదని నాకు నమ్మకం ఉండాలని. గ్లవుజులు తీసేసినా వేళ్ళకు తాడు ఆనలేదు. ఎముకలు కొరికే చలి. నడిమి ముడికే కట్టాను. అంతవరకు గట్టిగా చెప్పగలను.

వ్యాను పక్కన జర్మన్ ఆవిడ ఒకామె అలల మీద నిలబడే తన పలకకు మైనం రుద్దుకుంటోంది. పటం పట్టుకుంటారా అని అడిగాను. సంతోషంగా వచ్చింది. మా ఒడ్డున పటం పట్టుకున్నవాడే తాళ్ళు చూడాలి. బయల్దేరేవాడు ఎంత మొనగాడైనా సరే, పట్టుకున్నవాడు ఒక్కొక్క తాడూ కొస దాకా చూసి గానీ వదలకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు, అందరికీ తెలుసు. ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు. తొందరలో ఉన్నాను, దిబ్బ మీద టోర్కిల్ కనబడ్డాడు. కొక్కెం ఖాళీగా ఉండటం చూసి వచ్చి ఉంటాడు. రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. గాలికి వినబడలేదు. వినబడినా ఆగేవాణ్ణి కాను.

ఆవిడ వదిలింది. పటం సగం లేచి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఎడమ రెక్క దగ్గర ముందు తాడు వెనకా, వెనక తాడు ముందూ కట్టాను. మొదటి ఏడాది నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. తిరిగిన ప్రతిసారీ అది నన్ను ఈడ్చింది. ఇసుక మీద, రాళ్ళ మీద, బంకరు వైపు. పటం తాళ్ళకు నన్ను తగిలించే నడుం పట్టా ముందు ఎర్ర పిడి ఉంటుంది. దాన్ని తోస్తే పటం లాగడం మాని ఊపిరి వదిలేస్తుంది. కుడి చెయ్యి కడ్డీ మీద ఉంది. ఎడమ చేత్తో తోశాను.

తోయలేదు. వేళ్ళు పిడిని తాకాయి, తాకి జారిపోయాయి. మళ్ళీ తాకాయి. అవి నా వేళ్ళలాగా లేవు. నాకు భయం వేసింది. అంత భయం నా జన్మలో ఎరగను.

వెనక నుంచి ఎవరో నడుం పట్టా పట్టుకున్నారు. ఇద్దరం కలిసి ఈడ్చుకుపోయాం. నా చంక కిందుగా ఒక చెయ్యి వచ్చి పిడిని కొట్టింది. పటం బట్టలా కింద పడింది. మేం ఆగినచోట నుంచి బంకరు గోడను కాలితో తన్నవచ్చు. టోర్కిల్ నోటి నిండా ఇసుక, రక్తం. ముందు పన్ను సగం లేదు.

జర్మన్ ఆవిడ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "నాదే తప్పు, నాదే తప్పు. మీ బొటనవేలు లేవనే లేదు. తల ఊపారు కదా అని వదిలేశాను."

"ఎత్తాను" అన్నాను.

"లేదండీ. చెయ్యి ఎత్తారు. వేలు లేవలేదు."

ఆవిడకు నాతో ఏ వైరమూ లేదు. నన్ను ఎరగదు కూడా.

నవంబరు 11

టోర్కిల్ వచ్చాడు. గెర్డా కాఫీ పెట్టింది. నాది గాజు గ్లాసులో కాకుండా పెద్ద పిడి ఉన్న కప్పులో పోసి కుడి పక్కన పెట్టింది. ఎన్నాళ్ళ నుంచి అలా పెడుతోందో.

"ముళ్ళు మార్చింది నువ్వే" అన్నాను.

"నేనే."

"రెండుసార్లూ."

"మూడు. ఒకసారి నీకు తెలియలేదు." పెదవి వాచి ఉంది, మాట సరిగ్గా రావడం లేదు. "నీ ఎడమ చెయ్యి కడ్డీ మీద నిలవడం లేదురా. ఎండాకాలం నుంచీ చూస్తున్నాను. నువ్వు బొటనవేలు ఎత్తుతున్నాననుకుంటావు, అది సగం కూడా లేవదు. కడ్డీ తేలికైతే ఒంటిచేత్తో తిప్పుకుంటావులే అనుకున్నాను."

"తేలికైతే పటం ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? ఆ చేతికి మిగిలిన స్పర్శే కాస్త. ఆ కాస్తకూ ఏమీ అందకుండా చేశావు."

వాడు కాఫీలోకి చూశాడు. "అది నాకు తట్టలేదు" అన్నాడు.

"అడగొచ్చుగా నన్ను. నేనేం పసిపిల్లాణ్ణా, నా వెనక ముళ్ళు మార్చడానికి?"

"అడిగాను. పాత పటం చిరిగిన రోజున. చెయ్యెలా ఉందిరా అంటే, నీ నోరెలా ఉందో చూసుకో అన్నావు."

ఆ మాట నేను ఇక్కడ రాయలేదు.

నాకు కోపం తగ్గలేదు. గెర్డా వైపు తిరిగాను. "నువ్వు ఆ కొట్టుకు వెళ్ళి ఏడ్చింది?"

"నీ పటం పట్టుకోవద్దని బతిమాలడానికి వెళ్ళాను. తను పట్టుకోకపోతే నువ్వు మానేస్తావని. వినలేదు."

"నేను పట్టుకోకపోతే వీడు మానడు, వీణ్ణి ఎరగని వాళ్ళ చేతికి ఇస్తాడు అన్నాను" అన్నాడు టోర్కిల్. "అదే చేశాడు."

తర్వాత గెర్డా అంది, "నువ్వు నా మఫ్లర్ వాసన చూడటం నేను చూశాను ఎబ్బె. ఈ హెర్రింగ్ కంపు మనిషితోనా?"

"ఏం, నాకేం తక్కువ?" అన్నాడు టోర్కిల్.

"పన్ను" అంది గెర్డా.

వాడు నవ్వబోయి పెదవి పట్టుకున్నాడు. నేనూ నవ్వాను, పక్కటెముకలు పట్టుకుని. నవ్వుతున్నవాణ్ణి నవ్వుతూనే ఏడ్చాను. వాళ్ళు చూడనట్టు కిటికీ వైపు తిరిగారు.

నవంబరు 25

ఎడమ చెయ్యి. మెడలో నరం నొక్కుకుపోయింది. ఆపరేషన్ కొత్త సంవత్సరం తర్వాత. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరు. అప్పటిదాకా సముద్రం వద్దు. ఎప్పుడు మొదలైందని అడిగింది. ఈమధ్యే అనబోయాను. గెర్డా పక్కనే ఉంది. ఏప్రిల్ నుంచి అన్నాను.

డిసెంబరు 6

టోర్కిల్ ఫోను చేశాడు. "నీ ఆకుపచ్చది కొక్కేనికి వేలాడి మురిగిపోతోంది. ఎగరేస్తాను, నువ్వొచ్చి పట్టుకో."

నాది వాడికి ఇవ్వాలంటే కడుపు మండింది. అయినా వెళ్ళాను. నైరుతి గాలి, బాగున్నాయి అలలు. తాళ్ళు పరిచి రెక్క దగ్గర కూర్చున్నాడు.

"ఏ ముడికి కట్టను?"

"నడిమి ముడికి. నేను చూస్తుండగా."

కట్టాడు, ఒక్కొక్కటీ నాకు చూపించి మరీ. కొత్త పన్ను మిగతావాటికంటే తెల్లగా ఉంది. కడ్డీ దగ్గరికి నడిచి వెళ్ళాడు. నేను పటం అంచును కుడిచేత్తో పట్టుకుని, ఎడమ మోచేయి అడ్డం పెట్టి నిలబడ్డాను. గాలికి రెక్క వణుకుతోంది. ఇరవై ఏళ్ళలో నేను ఈ కొసన నిలబడింది తక్కువ. నాలుగు తాళ్ళూ కొస దాకా చూశాను. మళ్ళీ చూశాను.

టోర్కిల్ బొటనవేలు ఎత్తాడు.

నేను వదల్లేదు.

"ఏం చూస్తున్నావురా? వదులు" అని అరిచాడు. గాలి వాడి వైపు నుంచి నా వైపే వీస్తోంది, స్పష్టంగా వినబడింది.

వాడి బొటనవేలు చూస్తున్నాను. నిటారుగానే ఉంది. అయినా ఇంకాసేపు చూసి, అప్పుడు వదిలాను.